తాతపొర

శుల్బావతీ రాజ్యానికి ఉత్తరపు సరిహద్దున, భూదేవి నడుముకు బిగించిన ఒడ్డాణం వలె, మేఖలాద్రి పర్వతపంక్తి నూరు యోజనాల పొడవున పరచుకొని ఉన్నది. దూరం నుండి చూచేవారికి అది నీలిమేఘాల బారు. దాపునకు వెళ్ళినవారికి మాత్రం అది మడతపెట్టి పేర్చిన పట్టుచీరల దొంతర. ఎర్రని ఇసుకరాయి ఒకచోట అల వలె లేచి, శిఖరం దగ్గర వంగి, మరొకచోట లోయలోనికి జారిపోతుంది. దాని వెంబడే తెల్లని సున్నపురాయి వెండి జరీ అంచు వలె మెరుస్తూ సాగుతుంది. అన్నింటికంటె పైన, కొండ నెత్తిన, నీలిపలకరాయి కిరీటం వలె అమరి ఉన్నది. ఆ కొండల కడుపులో రాగి అపారంగా ఉన్నదని తరతరాల ప్రతీతి. ఎక్కడ ఉన్నదో మాత్రం కొండ ఎవరికీ చెప్పలేదు.

కొండచేత చెప్పించే విద్య ఒకటి ఉన్నది. దానిని శిలాపఠనం అంటారు. ఆ విద్యలో అసమానుడైన ఘోషాచార్యులవారు ఆరు మాసాల క్రితం కన్నుమూశారు. ఆకాశం నుండి రాలిన ఇనుముతో చేయించుకొన్న తమ సుత్తెను అంతిమ ఘడియలో ఒక శిష్యుని చేతికి అప్పగించారు. ఘంటామణి అనే ఆ సుత్తెతో బండను తట్టితే, లోపల నీరున్నదా, బోలుగా ఉన్నదా, లోహమున్నదా అనే సంగతి నాదాన్నిబట్టి తెలిసిపోతుంది.

ఆ సుత్తె పన్నెండేళ్ళు గురువుగారి మూటలు మోసిన గైరికుడికి దక్కలేదు. మూడేళ్ళనాడు వచ్చి చేరిన కెంపికి దక్కింది.

కెంపి గనులు తొలిచే ఇంట పుట్టిన పడుచు. ఆమె తండ్రి, కుంటికాలి బండెన్న, ఇరవైమంది గనివారికి పెద్ద. ఆమెకు శ్లోకాలు రావు, శాస్త్రం చదవలేదు. బండకు చెవి ఆనించి కళ్ళు మూసుకొంటుంది, అంతే. గురువుగారు దానికే మురిసిపోయేవారు. ఆ మురిపెం చూచినప్పుడల్లా గైరికుడికి అన్నం సయించేది కాదు.

ఇట్లుండగా మేఖలాద్రికి ఆవలనున్న కర్కటక రాజ్యాధిపతి మహిషధ్వజుడు దండయాత్రకు సిద్ధమవుతున్నాడని వేగులవారు వార్త తెచ్చారు. శుల్బావతి ఆయుధశాలలో కత్తులు పోయడానికి రాగి లేదు. రణకేసరి మహారాజు శిష్యులిద్దరినీ సభకు రప్పించి, తవ్వవలసిన చోటు చూపమన్నాడు.

“పైకి తవ్వాల దొరా,” అన్నది కెంపి. “కొండ భుజం కాడ, నీలిపలకకు కాస్త కిందుగా.”

సభలోని పండితులు నవ్వారు. గైరికుడు ఉత్తరీయం సవరించుకొని ముందుకు వచ్చాడు.

“మహాప్రభూ! మా గురుకులంలో మొదటిదినాన నేర్పే పాఠమిది. కొండ పొరలు ఒక వంశం వంటివి. ముందు పుట్టినది అడుగున ఉంటుంది. అది నీలిపలకరాయి, దానిని తాతపొర అంటాము. తాత భుజాల మీద రాగి ఉంటుంది. రాగి మీద ఎర్ర ఇసుకరాయి, అది తండ్రిపొర. అందరికంటె పైన తెల్ల సున్నపురాయి, అది మనుమడిపొర. వాననీరు త్రాగి త్రాగి కడుపునిండా నీటిగుహలు పెంచుకొన్న పొర. కొండ పాదాన తండ్రిపొర బయటికి కనబడుతూనే ఉన్నది. దాని క్రింద రాగి ఉండక ఎక్కడికి పోతుంది? క్రిందికే తవ్వాలి.”

“మరి కొండ నెత్తి మీద నీలిపలక కూకుని ఉందే అన్నా, అదెవురు?”

“అది వేరొక పలక. తరువాత వచ్చి చేరినది.”

“తండ్రికీ మనవడికీ తర్వాత పుట్టిన తాతా?” అన్నది కెంపి అమాయకంగా.

ఈసారి సభ గైరికుణ్ణి చూచి నవ్వింది. సింహాసనం మీది మీసాల చాటున కూడా ఒక చిరునవ్వు కదలింది. మహారాజు తుదకు విద్యలో పెద్దవాడని గైరికుని మాటకే విలువనిచ్చి, ఏడుదినాల గడువు విధించాడు. అయితే లేస్తూ లేస్తూ, “ఆ పిల్ల చురుకైనది సుమా!” అన్నాడు. గెలిచిన గైరికుడికి ఆ గెలుపు గుర్తులేదు. ఆ నాలుగు మాటలే చెవిలో మ్రోగుతూ మేఖలాద్రి దాకా వచ్చాయి.

మార్గమధ్యంలో, ఒక సెలయేటి ఒడ్డున, జడలు కట్టిన తాపసి ఒకడు అతని గుర్రానికి అడ్డు నిలిచాడు. గైరికుడు ఎరుగడు గాని, వాడు మహిషధ్వజుని కొలువులోని మాంత్రికుడు వక్రతాలుడు. గుడ్లగూబ కన్నులు, బొమికల రుద్రాక్షలు, పాము కుబుసంతో నేసిన మొలత్రాడు! శుల్బావతిలో గనివారు నశిస్తే రాగి తీసేవారే ఉండరని ఎత్తు వేసి, వేషం మార్చి వచ్చాడు.

“నాయనా! సుత్తె లేదని కుమిలిపోతున్నావు గదా,” అన్నాడు వాడు.

గైరికుడు ఉలిక్కిపడ్డాడు. “నీకెట్లా తెలుసు?”

“నీ చెయ్యి చెప్పింది. మాటిమాటికీ మొలకు పోయి ఉత్తదే తిరిగివస్తున్నది. ఇదిగో, పాతాళాంజనం. ఎడమకంటికి పూసుకో. సుత్తె వినేదేమిటి, నీవు చూస్తావు!”

గైరికుడు కాటుక వలె దానిని పూసుకొన్నాడు. మరుక్షణం కాళ్ళక్రింది నేల అద్దమైపోయింది. అట్టడుగున, కొలిమిలో కరిగిన రాగి వలె, ధగధగమని ఒక జ్వాల పారుతున్నది! గైరికుని హృదయం ఉప్పొంగింది. అయితే అతనికి మొదట తోచినది కొరత తీరిన ఆయుధశాల కాదు. తల వంచుకొని నిలిచిన కెంపి. తాపసిని గుర్రం మీద తన వెనుకనే ఎక్కించుకొని, శకునం చెప్పే మహానుభావుడని గనివారికి పరిచయం చేశాడు.

ఆరు దినాలలో కొండ పాదం నుండి క్రిందికి వాలుగా నూట ఇరవై బారల సొరంగం సాగింది. గనివారికి రెండు కట్టుబాట్లు ఉన్నవి. లోపలికి పోయే ప్రతి గనివాడూ వాకిటి బండ మీద ఒక్క దెబ్బ కొట్టి పోవాలి. తిరిగివచ్చినవాడు మరల ఒక్క దెబ్బ కొట్టాలి. పోయిన దెబ్బలూ వచ్చిన దెబ్బలూ సరిపోయిన పిమ్మటనే పొయ్యి వెలిగిస్తారు. ఇక రెండవది: చివరి గోడ పగిలే వేళ, ఆ చోటు చదివిన శిలాపాఠకుడే అందరికంటె ముందు నిలవాలి. తప్పు చదివితే కొండ మొదట అతణ్ణే అడగాలి.

ఏడవదినం ఉదయం బండెన్నతో కలిపి ఇరవైమంది గనివారు ఇరవై దెబ్బలు కొట్టి లోపలికి దిగారు. దివిటీల వెలుగులో గైరికుడు పట్టుపాగా చుట్టుకొని చివరి గోడ ఎదుట నిలిచాడు. అతని ప్రక్కన కమండలం పట్టుకొని తాపసి నిలిచాడు. ఆ గోడకు కుడివైపు, మనిషి పట్టేంత చీలిక ఒకటి కప్పులోనికి, కొండ పైకి సాగిపోయి చీకటిలో కలిసిపోయింది.

“ఏందయ్యోరా, పెళ్ళికొడుకు మాదిరి ముస్తాబైనారు!” అన్నాడు బండెన్న, చెమట తుడుచుకొంటూ. “రాగి తల్లి సిగ్గుపడతాదేమో!”

గనివారు గొల్లున నవ్వారు. గైరికుడికీ నవ్వు వచ్చేదే. అంతలో వెనుకనుండి కెంపి దివిటీ ఎత్తుకొని పరుగున వచ్చింది. ఆమె మొలలో ఘంటామణి తళుక్కుమన్నది. అతడు ముఖం తిప్పుకొన్నాడు.

“అన్నా, ఆపించండి! కప్పు చూడండి ఒకపాలి!”

“సుత్తె నీది కావచ్చు కెంపీ. సొరంగం నాది.”

“మీదే. కాదన్నానా? మీ సొరంగం కప్పునే చూడమంటున్నా.” ఆమె దివిటీ పైకెత్తింది. ఎర్రని కప్పు నిండా, వరుసలు వరుసలుగా, రాతిలో ముడతలు. “ఏటి ఒడ్డున ఇసక మీద నీళ్ళు గీసిన ముడతలు చూసినారు గదా. మొన సన్నంగా మీదికుంటాది. పల్లం గుండ్రంగా కిందుంటాది. ఈ రాయి కూడా ఒకప్పుడు ఏటి ఇసకే. మరి దీని మొనలు ఎటున్నాయి?”

గైరికుడు తలెత్తి చూచాడు. మొనలన్నీ క్రిందికి, అతని పట్టుపాగా వైపే చూస్తున్నవి.

పన్నెండేళ్ళ విద్య అతనికి ఒక్క క్షణంలో జవాబు చెప్పింది. పైకి ఉండవలసినది క్రిందికి ఉన్నది. యుగాల క్రితం, ఈ పర్వతాలు లేచిన నాటి ఒత్తిడికి, పొరలన్నీ చాప మడచినట్టు మడత తిరిగి ఇక్కడ బోర్లా పడినవి. తాతపొర మనుమడి నెత్తికెక్కింది! అంటే తండ్రిపొర క్రింద ఉన్నది రాగి కాదు, నీటిగుహల మనుమడు.

తెలిసింది. ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

“అవి నీరు గీసిన ముడతలు కావు,” అన్నాడు. “గాలి గీసినవి.”

“గాలి గీసినా మొన మీదికే ఉంటాదన్నా!”

“మా పిల్లకు నోరు పెద్దదయ్యోరా, వాళ్ళమ్మ పోలిక,” అన్నాడు బండెన్న గడ్డపారకు ఆనుకొని. “చెవి మాత్రం అంతకంటే పెద్దది. ఒకసారి తట్టి చూడనీయండి. తట్టితే ఏం పోతాది?”

“ఏమీ పోదు! మీ ఇంటి పిల్ల తట్టితేనే కొండ పలుకుతుంది గదా! మేమందరం మూగకొండల దగ్గర చదువుకొన్నాం గదా!” అంటూ గైరికుడు కసిగా ఆమె వైపు తిరిగాడు.

తిరిగినవాడు అట్లాగే నిలిచిపోయాడు.

కెంపి మొల బోసిగా ఉన్నది. ఘంటామణి తన మొలలో ఉన్నది! దంతపు పిడి, దాని మీద గురువుగారి వ్రేలి అరుగుదల, అన్నీ కనబడుతున్నవి. గైరికుడు ఆత్రంగా చెయ్యి వేశాడు. వ్రేళ్ళకు పంచె మడత తప్ప మరేమీ తగలలేదు.

కుడికన్ను మూశాడు, సుత్తె తనది. ఎడమకన్ను మూశాడు; సుత్తె ఆమెది.

అంజనం పూసిన కన్ను ఉన్నదానిని చూపడం లేదు. కోరినదానిని చూపుతున్నది! వెంటనే చివరి గోడ వైపు తిరిగి ఎడమకంటితో చూచాడు, రాగి జ్వాల. కుడికంటితో చూచాడు, ఎర్రని బండ పగుళ్ళలో తెల్లని సున్నపు చెమ్మ, బొట్టుబొట్టుగా నీరు.

“ఆపండి!” అని అరిచాడు గైరికుడు. ఆ తరువాతి మాటలు, కొండను పెకలించడం కంటె కష్టంగా, ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. “నేను తప్పు చదివాను. కెంపి చదివినదే ఒప్పు. ఈ గోడ వెనుక ఏరు ఉన్నది. అందరూ బయటికి పరుగెత్తండి!”

“ఆలస్యంగా కళ్ళు తెరిచావురా పాఠకా!” అని ఒక వికటాట్టహాసం సొరంగమంతా మారుమ్రోగింది.

తాపసి జడలు విషసర్పాల వలె పైకి లేచాయి. కమండలం పగిలి నల్లని పొగ క్రమ్మింది. వక్రతాలుడు నిజరూపంతో తాటిచెట్టంత చెయ్యి చాచి, బండెన్న చేతిలోని గడ్డపారను లాగుకొని, గోడకు ఒక్క పోటు పొడిచాడు. ఆ మరుక్షణమే గబ్బిలమై, దివిటీలు ఆర్పుతూ, వాకిటి వైపు ఎగిరిపోయాడు.

గోడ గుటక వేసినట్టు ఒక శబ్దం. ఆ వెంటనే ప్రళయం!

“పైకి! వాకిలికి!” బండెన్న గొంతు చీకటిలో వినబడింది. “కెంపీ! ఏడున్నావే!”

“నువ్వు పో నాయనా! నేనొస్తా!”

ఆమె రాలేకపోయింది. గోడకు అందరికంటె దగ్గర ఉన్నవారు గైరికుడూ, ఆమే. మొదటి వెల్లువ ఇద్దరినీ ఎత్తి ప్రక్కబండకు కొట్టింది. చల్లని నీరు మోకాళ్ళు దాటింది, నడుము దాటింది, కంఠం అందుకొన్నది. గైరికుని చేయి కప్పులోని చీలిక అంచును పట్టుకొన్నది.

“నా భుజమెక్కు!”

“మీరు ముందెక్కండి, పెద్దోరు...”

“ఈ కొండలో పెద్దవాళ్ళు ఎక్కడ ఉన్నారో చూపించినదానివి నువ్వే గదా! ఎక్కు!”

కెంపి అతని భుజాల మీద కాళ్ళు మోపి చీలికలోనికి ప్రాకింది. నీరు గైరికుని ముక్కు ముంచింది. చీకటిలోనుండి ఏదో అతని అరచేతికి తగిలింది. నున్నని దంతపు పిడి! పన్నెండేళ్ళు కలలు కన్న ఘంటామణిని అతడు రెండు చేతులా పట్టుకొన్నాడు. దాని రెండవ కొసను పట్టుకొని కెంపి పైకి లాగింది. అతడు చీలిక అంచున మోచేతులు ఆనించి, నీళ్ళు కక్కుతూ, మొట్టమొదట చేసిన పని ఆ సుత్తె బరువు అంచనా కట్టడం. అనుకొన్నంత బరువు లేదు. అది కూడా అతనికి కష్టంగానే తోచింది.

నీరు వెంట తరుముతుండగా ఇద్దరూ బల్లుల వలె అరవై బారలు ప్రాకారు. చీలిక ఒక విశాలమైన గుహలోనికి తెరుచుకొన్నది. నీరు ఆ అంచుకు ఒక నిలువు దిగువన ఆగిపోయింది. ఎక్కడో పైనున్న, మనిషి దూరగల ఇరుకు పగులు గుండా పగటివెలుగు వెండితీగ వలె దిగుతున్నది. ఆ వెలుగులో ఇద్దరూ చుట్టూ చూచారు.

గుహ గోడలు నెమలి కంఠాలు! పచ్చని చిలుము తీగలు తీగలుగా, వాటి నడుమ ముదురు నీలపు చుక్కలు, చుక్కల నడుమ పూచిన మోదుగుల వలె రాగి. పిడికెడంత ముద్దలు కొన్ని, తొట్టెలంత ముద్దలు కొన్ని. ఆ రాగి బద్ద కొండ లోపల ఉత్తరంగా ఎంత దూరం పోయినదో కన్ను అందుకోలేకపోయింది. వారి తలల మీద, నల్లని నీలపు కప్పై, పలకరాయి.

కెంపి చూపుడువ్రేలు పైకెత్తింది. “తాత,” అన్నది.

గైరికుడు తలెత్తి, చేతులు జోడించి, “తాతగారికి నమస్కారం,” అన్నాడు పొడిగా. “సభలో చేసిన అవమానానికి క్షమించాలి.”

కెంపి పకపక నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ముఖం ముడుచుకుపోయింది. “నాయన...” అన్నది.

ఇద్దరూ బండకు చెవులు ఆనించారు. కొండ లోపలినుండి, ఎంతో దూరాన, వాకిటి బండ మీద దెబ్బ వినబడింది. ఠంగ్! బ్రతికి బయటపడినవాడు కొట్టే దెబ్బ. కెంపి వ్రేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. అయిదు. పది. పదునాలుగు. దెబ్బలు ఆగి ఆగి వస్తున్నవి. పదునేడు. పదునెనిమిది. పందొమ్మిది.

ఆపైన నిశ్శబ్దం.

కెంపి కదలలేదు. గైరికుడు ఆమె ముఖం వైపు చూడలేకపోయాడు. తన పట్టుపాగా ఎక్కడో క్రింద నీటిలో తేలుతున్నది. తన ఒక్క చిరుఅసూయకు ఒక మనిషి...

ఠంగ్!

మందంగా, సోమరిగా, చేతకాని చేతితో కొట్టిన దెబ్బ. “నాయనే!” అని కెంపి గంతు వేసింది. “కుంటుకుంటూ అందరికంటే ఆఖర్న వచ్చుంటాడు. ఇరవై! ఇరవైమందీ, అన్నా!”

గైరికుడు గోడకు జారగిలబడి, చాలాకాలం తరువాత నిండుగా ఊపిరి పీల్చుకొన్నాడు.

ఠంగ్!

కెంపి మడిచిన వ్రేళ్ళ వైపు చూచుకొన్నది. ఠంగ్, ఠంగ్! ఇరవై రెండు, ఇరవై మూడు. ఆ దెబ్బలు ఆగలేదు. అవి వాకిటి బండ నుండి రావడం లేదు. ఉత్తరపు గోడ నుండి వస్తున్నవి. పది గడ్డపారలు కాదు, నూరు గడ్డపారల ధ్వని!

“ఆవల ఉన్నది కర్కటకం,” అన్నాడు గైరికుడు లేస్తూ. “మహిషధ్వజుడు దండయాత్రకు వచ్చేది కొండ మీదుగా కాదు. కొండ లోపలినుండి! మన రాగిని తవ్వుకొంటూ, ఆ దారినే మన మీదికి!”

ఉత్తరపు గోడ మీద పచ్చని పెళ్ళలు రాలాయి. కెంపి ఘంటామణిని బిగించి పట్టుకొని గోడ ఎదుటికి నడిచింది. గైరికుడు ఆమె జబ్బ పట్టి వెనుకకు లాగాడు.

“కట్టుబాటన్నా! ఈ చోటు చదివింది నేను. గోడ పగిలేటప్పుడు ముందు నిలవాల్సింది నేనే.”

“చదివింది నువ్వు. సుత్తె నీది. మహారాజు మెప్పు నీది. రేపు రాగి పేరు కూడా నీదే అవుతుంది,” అన్నాడు గైరికుడు, నేలనుండి వాడియైన రాగిముద్ద ఒకటి ఎత్తుకొంటూ. “ముందు నిలిచే చోటు కూడా నీకే ఇస్తాననుకొన్నావా? నీకంటె తొమ్మిదేళ్ళు ముందు చేరినవాణ్ణి. దీనిని మాత్రం వదలను. నువ్వు ఆ పగులు గుండా పైకి ఎక్కి, మహారాజుకు వార్త చేర్చు.”

“అసూయా, అన్నా?”

“అసూయే. ఎక్కు!”

కెంపి ఘంటామణిని మొలలో దోపుకొని పగులు వైపు ఎగబ్రాకింది. గోడ నడుమ ఒక బండ ఊగి, ఊడి, దొర్లిపడింది. ధూళి క్రమ్మింది. గైరికుని ఎడమకంటికి ఆవల ఎవరూ లేరు. ప్రశాంతమైన పచ్చని గుహ ఒకటి, అందులో తనకోసం నిలిచిన గురువుగారు. అతడు ఎడమకన్ను గట్టిగా మూసుకొన్నాడు.

కుడికంటికి, జానెడు దూరంలో, బల్లెపు మొన కనబడింది.